శనివారం పదింటికి ఆంటీ వంతు

నియాషాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదీ: గోడ అవతల వెర్లిన్ ఆంటీ చచ్చిపోతుంది, ఆ సంగతి వాసన వచ్చేదాకా తనకు తెలియదు.

టొరంటోలో ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లలో, ఏడో అంతస్తులో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. పొద్దున్నే కోకో కాచుకుంటూ కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన ఆ ముసలామె గరిటెతో గోడ మీద రెండు దెబ్బలు వేసేది. పాపను చంకనేసుకుని నియాషా తిరిగి రెండు వేసేది. బతికే ఉన్నామని దాని అర్థం. పదకొండు రోజులుగా ఆ చప్పుడు లేదు. బదులుగా ముగ్గురు కొత్తవాళ్ళ పాటలు, తిట్లు, పగిలే సీసాలు. చలి తగ్గేదాకా తలదాచుకుంటామని ఆంటీ ఇంట్లోకి వచ్చి, తాళమే మార్చేశారు.

నియాషా ఫిర్యాదు అందుకుని హౌసింగ్ ఆఫీసు నుంచి డంకన్ అనే తెల్ల అధికారి వచ్చాడు. గుమ్మంలో ఆంటీ, ఆమె మెడ మీద చెయ్యేసి ఒక పొడుగాటివాడు.

"మా మేనత్త సార్," అన్నాడు వాడు. ఆంటీ తల ఊపింది. డంకన్ ఏదో రాసుకుని కదిలాడు.

లిఫ్టు దగ్గర నియాషా అడ్డుపడింది. "అంతేనా సార్?"

"మీ సంస్కృతిలో బంధువులు వచ్చి ఉండటం మామూలే కదా మేడమ్. దాన్ని మేం గౌరవించాలి."

"ఎవరి సంస్కృతి? మాది సెయింట్ విన్సెంట్, ఆమెది గ్రెనడా. వాళ్ళెక్కణ్ణుంచి ఊడిపడ్డారో దేవుడికి తెలియాలి. నల్లగా ఉంటే చాలు, అందరం ఒకే తల్లి పిల్లలమా?"

డంకన్ ముఖం కందిపోయింది. గొంతు తగ్గించాడు. "నిరుడు ఒక నల్లవాళ్ళ కుటుంబాన్ని అన్యాయంగా ఖాళీ చేయించాం. పేపర్లో వేశారు. వెయ్యాల్సిందే, తప్పు మాదే. అప్పట్నుంచి ఖాళీ చేయించే కాగితం మీద సంతకం పెట్టాలంటే ఆఫీసులో అందరూ జంకుతున్నారు."

"అప్పుడు మా రంగు చూసి తరిమారు. ఇప్పుడు మా రంగు చూసి వదిలేస్తున్నారు. ఆమెను ఎప్పుడు చూస్తారు?"

"ఆమే ఒప్పుకుందిగా!"

"వాడి చెయ్యి మీ మెడ మీదుంటే మీరూ ఒప్పుకుంటారు."

లిఫ్టు వెళ్ళిపోయింది. వెనక తలుపు కొంచెం తెరుచుకుంది. "చెల్లీ, నీ పాప భలే ముద్దుగా ఉంది. జాగ్రత్త," అన్నాడు పొడుగాటివాడు, నవ్వుతూ.

ఆ పూటంతా నియాషా పాపను కింద దించలేదు. దించకుండానే ఆలోచించింది. కింద బట్టలుతికే గదిలో శనివారం పదింటికి ఆంటీ వంతు. ఏళ్ళ తరబడి అక్కడి పట్టీలో ఆమె పేరే. వాళ్ళ మురికి బట్టలూ ఆమే ఉతకాలి గనుక, ఆ గంట కిందికి పంపక తప్పదు. డంకన్‌కు ఫోన్ చేసింది. "ఒక్కసారి ఒంటరిగా అడగండి సార్."

శనివారం డంకన్, నియాషా పెద్ద మెషీన్ వెనక నిలబడ్డారు. పొడుగాటివాడు ఆంటీని గది దాకా తోలుకొచ్చాడు. "సిగరెట్టు తాగొస్తా. తొందరగా కానీ, ముసల్దానా."

ఉన్నది ఆ సిగరెట్టంత సేపే. డంకన్ ముందుకొచ్చాడు. "అమ్మా, వాళ్ళు మీకేమవుతారు?"

ఆంటీ తలుపు వైపు చూసింది. నియాషా మెషీన్ మూత మీద వేళ్ళతో రెండు దెబ్బలు వేసింది. ముసలి చెయ్యి మెల్లగా లేచి, రెండు తిరిగి వేసింది.

"నావాళ్ళు కాదు బాబూ. నా మంచం వాళ్ళది. నేను స్నానాలగదిలో పడుకుంటున్నా. ఇన్సులిన్ దాచేశారు, అడిగితే నవ్వుతారు."

"రేపెవరైనా మమ్మల్ని జాతి ద్వేషులంటే..." డంకన్ గొణిగాడు.

"నా పేరు రాయండి. ఎవరన్నా అడిగితే నన్నడగమనండి," అంది నియాషా.

డంకన్ సంతకం పెట్టాడు, అక్కడే, మెషీన్ మూత మీద. మధ్యాహ్నానికి పోలీసులు ఆ ఇల్లు ఖాళీ చేయించారు.

కానీ ఆ ముగ్గురికీ ఆ గుమ్మం తెలుసు, మళ్ళీ రావచ్చు. అందుకని ఆంటీని ఊరి ఉత్తరాన వేరే భవనానికి మార్చారు. అక్కడ గోడ అవతల ఎవరున్నారో నియాషాకు తెలియదు. రెండు బస్సులు మారి, పాపతో రోజూ వెళ్ళడం ఆమెకు కుదరదు.

అటు పక్క ఉండేవాళ్ళెవరైనా ఇది చదివితే, తొమ్మిదో అంతస్తు, పిడికి పసుపు గుడ్డసంచి వేలాడే తలుపు. ఒకసారి తట్టండి. బాగానే ఉన్నానని ఆమె అంటే అక్కడితో తిరిగి రాకండి. ఆమె వెనక ఎవరు నిలబడ్డారో చూడండి.