ఆరో అంతస్తులో పెళ్ళివారు

అక్క కూతురి పెళ్ళి తాను పనిచేసే హోటల్లోనే జరుగుతుందని తెలిసినప్పుడు పిన్నికి సంతోషంకన్నా ముందు బెరుకు పుట్టింది. పెళ్ళికూతురికి ఆమె పిన్ని. పెళ్ళి మాటలు మొదలయ్యాక చుట్టాలందరికీ కూడా పిన్నే అయిపోయింది. పదకొండేళ్ళుగా ఆ హోటల్లో గదులు శుభ్రం చేస్తోంది. ఆరో అంతస్తు ఆమెదీ, తోటి పనిమనిషి పొడుగమ్మదీ. రోజూ ఇద్దరూ కలిసి పక్కలు మార్చి, స్నానాల గదులు కడిగి, బుట్టలు ఖాళీ చేస్తారు. తలుపు గడియ పడ్డాక మనుషులు ఎలా ఉంటారో ఆ ఇద్దరికీ తెలిసినంత వాళ్ళ కన్నతల్లులకు కూడా తెలియదు.

అక్క ఫోన్ చేసింది.

"మనవాళ్ళు అరవైమంది వస్తున్నారే. సగంమంది ఆ నగరం మొహం చూసినవాళ్ళు కారు. ఎక్కడ దిగాలి, ఎలా రావాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, అంతా ఒక కాగితమ్మీద రాసి పంపు. అచ్చు వేయించి శుభలేఖతోపాటు పంచుతాం."

పిన్ని దుప్పట్ల గదిలో మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. రైలు దిగాక ముందు గేటునుంచి బయటికి రావద్దనీ, అక్కడి టాక్సీలవాళ్ళు ఊరంతా తిప్పి తెస్తారనీ, వెనక గేటు ఎదుటే బస్సు ఆగుతుందనీ రాసింది. గదులు రెండు గంటలదాకా ఇవ్వరు కాబట్టి ఒక జత బట్టలు చేతిసంచీలో ఉంచుకోమంది. స్నానాల గదిలో గ్లాసు కడుక్కోకుండా నీళ్ళు తాగొద్దంది. మంచమ్మీద పైన పరిచిన రంగు దుప్పటి నెలల తరబడి ఉతకరు, రాగానే తీసి కుర్చీలో పడెయ్యమంది. చివర్లో, పొడుగమ్మ పట్టుబట్టి చెప్పించిన మాట ఒకటి చేర్చింది: గదిలో ఏదైనా ఒలికినా, పాడైనా, ఒంట్లో బాగాలేక కక్కుకున్నా దాచిపెట్టకండి, కబురు చెయ్యండి, ఎవరూ ఏమీ అనరు.

అక్క చదివి ముఖం చిట్లించుకున్న సంగతి ఫోన్లోనే తెలిసిపోయింది.

"దుప్పటి సంగతి, గ్లాసు సంగతి తీసేశాను. చదువుతుంటేనే రోతగా ఉంది. ఆ కక్కుడు మాట కూడా. పెళ్ళికి పిలిచి ఎవరైనా అలా రాస్తారా?"

"రాయకపోతే వాళ్ళకెలా తెలుస్తుందక్కా?"

"అందరూ మర్యాదస్తులేలే. ఇంకో మాట. పెళ్ళిరోజు సెలవు పెట్టు. ఆ యూనిఫాంలో మాత్రం కనబడకు. మీ బావవైపు వాళ్ళు నువ్వక్కడ మేనేజరువనుకుంటున్నారు."

"నేనెప్పుడూ అలా చెప్పలేదే."

"నేను చెప్పాన్లే."

పిన్ని ఫోన్ పెట్టేసింది. పెళ్ళిముందు రోజు పొద్దుటిదాకా పనిచేసి, సెలవు తీసుకుంది. ఆ పొద్దున ఆఖరుగా ఇద్దరూ కడిగింది ఆరువందల పద్నాలుగో గది. అది మాష్టారిది. బావకు స్వయానా అన్నగారు, ముప్పై ఏళ్ళు హెడ్మాష్టరు చేసి దిగిన మనిషి. సంబంధం కుదిర్చింది ఆయనే. అందుకని పిన్ని మోకాళ్ళమీద కూర్చుని స్నానపు తొట్టి మూలమూలలా బ్రష్షుతో తోమింది. గది సిద్ధమని పొడుగమ్మ పుస్తకంలో సంతకం పెట్టింది.

మధ్యాహ్నానికి చుట్టాలు దిగారు. పిన్ని కొత్త బట్టలు కట్టుకుని, ఆరో అంతస్తులో తలుపు తలుపుకీ వెళ్ళి పలకరించింది. వెళ్ళకపోయినా బాగుండేదని సాయంత్రానికే అనిపించింది. ఒక గదిలో బావగారి తమ్ముడు తెల్లటి టవలుతో బూట్లు తుడుచుకుంటున్నాడు. ఇంకో గదిలో టీ కాచుకునే కెటిల్లో మేజోళ్ళు ఉడుకుతున్నాయి. "వేణ్ణీళ్ళలో వేస్తే కంపు పోతుంది పిన్నీ" అని ఆ గదిలో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. రేపు ఆ కెటిల్లోనే ఎవరో పసిపిల్లకు పాలు కాస్తారని తలుచుకుంటే పిన్నికి నోట్లో నీళ్ళు ఊరి వాంతొచ్చినంత పనైంది. మరో చోట తన జాగ్రత్తల కాగితం, బంగారు అంచుతో ఎంతో అందంగా అచ్చయినది, నమిలి ఊసిన ఎముకలు చుట్టడానికి పనికొచ్చింది.

బావ మేనత్త ఆమెను పక్కకు లాగింది.

"ఆ పొడుగు పనిమనిషికి ఒళ్ళంతా పొగరమ్మా. రెండుసార్లు పిలిస్తే గాని పలకదు. నువ్వు మేనేజరువి కదా, కాస్త గడ్డి పెట్టు."

నాలుగు అడుగుల దూరంలో పొడుగమ్మ తోపుడు బండి పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరి పనీ ఆ రోజు ఒక్కతే చేస్తోంది. పిన్ని "చెబుతాలెండి" అంది. ఆ రెండు ముక్కలూ నోట్లోంచి ఊడిపడ్డాక తనమీద తనకే వెగటు పుట్టింది. పొడుగమ్మ మాత్రం విననట్టే బండి తోసుకుపోయింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి పెళ్ళి. తొమ్మిదింటికి పిన్ని కింద రిసెప్షన్ దగ్గర మాష్టారికి కాఫీ కప్పు అందించింది. ఆయన ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతూ కాఫీ తాగి, కప్పు బల్లమీద పెట్టి, హోటలు పెద్ద మేనేజరును పిలిపించాడు. గొంతు హాలంతా వినపడేలా ఉంది.

"ముప్పై ఏళ్ళు పిల్లలకు శుభ్రత నేర్పినవాణ్ణి. నిన్న గదిలో అడుగు పెట్టినప్పటినుంచీ ఒకటే కంపు. పొద్దున తెర తీసి చూస్తే తొట్టినిండా ఎవరిదో వాంతి. పైన టవళ్ళు కప్పి వెళ్ళారు. మీ పనివాళ్ళు చేసే శుభ్రం ఇదా?"

మేనేజరు ముఖం మాడిపోయింది. పుస్తకం తెప్పించి సంతకం చూసి పొడుగమ్మకు కబురు పెట్టాడు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"రేపటినుంచి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

పొడుగమ్మ ఒక్కసారి పిన్నివైపు చూసి, వెంటనే చూపు నేలకు దించుకుంది. 'తొట్టి తోమింది ఆమె' అంటే చాలు, తన ఉద్యోగం నిలుస్తుందని ఆమెకు తెలుసు. అనలేదు.

అక్క ఎప్పుడొచ్చిందో, పిన్ని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతాను, కలగజేసుకోకు. ఆయన అలిగి వెళ్ళిపోతే పెళ్ళివాళ్ళలో మా పరువేం కావాలి?"

పిన్ని చెయ్యి విడిపించుకుని లిఫ్టెక్కింది.

ఆరువందల పద్నాలుగు తలుపు తీసే ఉంది. మంచం కింద మూడు ఖాళీ సీసాలు. స్నానాల గదిలో అడుగు పెట్టేసరికి పుల్లటి కంపు ముక్కుపుటాలను కోసింది. తొట్టిలో నాలుగు టవళ్ళు నానిపోయి, పసుపురంగు తేలి ఉన్నాయి. ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక టవలు కొస పైకెత్తింది. కింద, నమలని పచ్చబఠాణీలు, చెక్కుచెదరకుండా. నిన్న సాయంత్రం పెళ్ళివారందరికీ పోసిన సూపులోవే. ఆ సూపు వడ్డించినప్పుడు తానూ అక్కడే ఉంది. మాష్టారు మూడుసార్లు అడిగి మరీ పోయించుకున్నాడు.

కక్కుకోవడం తప్పు కాదు. ఎందరివో ఎత్తిపోసింది ఆమె. కానీ దానిమీద తెల్ల టవళ్ళు కప్పి, తెల్ల చొక్కా తొడుక్కుని, కిందికి దిగి ఇంకొకరి కూటిమీద కొట్టడం చూస్తే, తొట్టిలో ఉన్నదానికంటే అదే ఎక్కువ అసహ్యం అనిపించింది.

కిందికి వచ్చేసరికి మాష్టారు చుట్టూ పదిమంది ఉన్నారు. పిన్ని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"నిన్న పొద్దున ఆ గది మేమిద్దరం కలిసి కడిగామండీ. తొట్టి తోమింది నేను. ఇప్పుడు అందులో ఉన్నది నిన్న సాయంత్రం మన హాల్లో పోసిన బఠాణీల సూపు. ఈయన గదిలో దిగకముందే అదెలా వచ్చిందో పైకొచ్చి మీరే చూడండి."

మాష్టారు నవ్వాడు. "మేనేజరమ్మ పనివాళ్ళను బాగానే వెనకేసుకొస్తోంది."

"నేను మేనేజర్ని కాదండీ. ఆ అంతస్తులో గదులు కడుగుతాను. పదకొండేళ్ళయింది."

మాష్టారు జేబురుమాలు తీశాడు. ఇందాక ఆమె చేతినుంచి కప్పు అందుకున్న కుడిచెయ్యి తుడుచుకున్నాడు. ముందు అరచెయ్యి, తరవాత వేళ్ళు, ఒక్కొక్కటీ. బావ మేనత్త తెలియకుండానే ఒకడుగు వెనక్కి జరిగింది. అక్క గోడవైపు తిరిగిపోయింది.

మేనేజరు పైకి వెళ్ళి చూసి వచ్చాడు. పొడుగమ్మ చెవిదగ్గర "వెళ్ళి పని చూసుకో" అన్నాడు. మాష్టారికి మాత్రం వేరే గది ఇచ్చి, క్షమించమని చీటీ రాసి, పళ్ళబుట్ట పంపించాడు. ఆయన ఆ బుట్ట మోయించుకుంటూ, హుందాగా, పెళ్ళి హాల్లోకి వెళ్ళి ముందువరసలో కూర్చున్నాడు.

పొడుగమ్మ బకెట్టుతో పైకి వెళ్ళింది. పిన్ని కొత్త బట్టలు మార్చుకుని, యూనిఫాం తొడుక్కుని ఆమె వెనకే వెళ్ళింది.

"నువ్వెందుకు? పెళ్ళికి పో" అంది పొడుగమ్మ.

"నిన్న గడ్డి పెడతానన్నాను కదా, పెట్టడానికొచ్చా."

పొడుగమ్మ నవ్వబోయి, కంపుకు నోరు మూసుకుంది. ఇద్దరూ తొట్టిలోది చేటతో ఎత్తి బకెట్లో పోశారు. నీళ్ళు పోయే కంత బఠాణీలతో మూసుకుపోతే పిన్ని వేలు పెట్టి తీసింది. కిందినుంచి పెళ్ళి వాద్యాలు వినిపిస్తూనే ఉన్నాయి.

కాసేపటికి గుమ్మంలో అక్క కనిపించింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"ఫొటోకి అందరూ నిలబడ్డారు. పిల్ల నువ్వేదని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

"పనిలో ఉందని చెప్పు."

"నా కూతురి పెళ్ళిలో నా తల తీసేశావే."

"లోపలికొచ్చి ఒకసారి చూడక్కా."

అక్క రాలేదు. ఆమె చెప్పుల చప్పుడు లిఫ్టుదాకా వెళ్ళి ఆగిపోయింది. పిన్ని చేతులు మోచేతులదాకా మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. ఆ పూట భోజనానికి దిగలేదు. దుప్పట్ల గదిలో పొడుగమ్మ డబ్బా విప్పి ముందుకు జరిపినా ముట్టుకోలేదు.

మర్నాడు చుట్టాలు గదులు ఖాళీ చేశారు. సూట్‌కేసులు దొర్లించుకుంటూ ఒక్కొక్కరే కారిడార్లో నడిచిపోయారు. యూనిఫాంలో ఉన్న పిన్నిని దాటేటప్పుడు కొందరు ఫోన్లు చూసుకున్నారు, కొందరు గోడలు చూశారు. బావ మేనత్త మాత్రం ఆమె ముందే ఆగి, కళ్ళలోకి చూడకుండా పెద్ద సంచీ కింద పెట్టింది.

"ఏమ్మాయ్, ఇది కిందికి తెస్తావా?"

"మా పని గదులవరకేనండీ. సామానుకు వేరే మనుషులున్నారు."

పిన్ని తనదగ్గరున్న తాళంతో పక్కగది తెరిచింది. లోపలి గాలి ముఖాన కొట్టగానే ఊపిరి బిగపట్టి, నేరుగా వెళ్ళి కిటికీలు తీసింది.