నా పేరు మీద మాత్ర

"నీకింకా ముదరనేదు కదేటి, ఆడికివ్వు," అంది మా అత్త రత్నాలమ్మ. నేను గంజి వార్చి, ఆ ఉదయం మొదటిసారి మింగాల్సిన మాత్ర చేతిలో పట్టుకుని ఉన్నాను.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఇల్లు తక్కువ. కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తున్నామని టెక్కలి నుంచి వచ్చినవాళ్లు మా ఇద్దరి రక్తమూ తీసుకెళ్లారు. నా భర్త సన్యాసిరావుకు జబ్బు ముదిరిందని వద్దన్నారు. నాకింకా ముదరలేదని నన్ను తీసుకున్నారు. సగంమందికి అసలు మందు, సగంమందికి మందు లేని ఉత్తి మాత్ర ఇస్తారనీ, ఎవరిది ఏదో తమకూ తెలియదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే అత్త వినలేదు. మగోడు నిలబడితేనే ఇల్లు నిలబడుతుందంది. నా భర్త అరచెయ్యి చాపాడు. మాత్ర పెట్టి, నీళ్లు కూడా నేనే అందించాను. వాళ్లిచ్చిన డైరీలో 'ఏడు గంటలకు మింగాను' అని రాసి, పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి బస్సెక్కాను.

అయిదు నెలలు అలాగే రాశాను. నెలనెలా ఖాళీ అట్టలు చూసి, ఒక్క మాత్రా తప్పలేదని నర్సు ఐశ్వర్య మెచ్చుకునేది. ఇంట్లో నన్ను దేనికీ మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ దొంగ మెప్పు కోసం సిగ్గు లేకుండా ఎదురుచూసేదాన్ని.

అయిదో నెలలో, కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాకు బాగా పెరిగింది. ఈమెకు మాత్ర పనిచేస్తున్నట్టు లేదని డాక్టరమ్మ రాసుకుంటోంది. బయట బల్ల మీద, ఇదే పరీక్షలో ఉన్న మా ఊరి నూకాలమ్మ తన వంతు కోసం కూర్చుని ఉంది. రేపు ఈ మందు పనికిరాదని తేలితే, అందులో నా అబద్ధమూ ఉంటుంది కదా అనుకున్నాను. కానీ నోరు తెరిపించింది ఆ ధర్మం కాదు. నా కిడ్నీలు పోతున్నాయని నాకు భయం వేసింది. అన్నాళ్లూ ఆయనవి పోతాయనే భయపడ్డాను.

"నాను ఒక్కటీ మింగనేదు మేడమ్. మా ఆయనకిచ్చీసినాను."

ఐశ్వర్య నా వైపు చూడటం మానేసింది. డాక్టరమ్మ గట్టిగానే మందలించింది. పరీక్ష నుంచి నన్ను తీసేసి, ఆయన్ను వెంటనే తీసుకొచ్చి చూపించమని, నాకు మామూలు మందులు రాసిచ్చింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మొగుడి నోటికాడ మందు లాగేశానని అత్త శోకాలు పెట్టింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మరి నాకెలాగే?"

"'మరి నీకెలాగే' అని నువ్వెప్పుడైనా నన్నడిగినావేటి, బావా?"

సంచిలోంచి నా మందు తీసి, వాళ్లిద్దరి ఎదుటే మింగాను.