ఎడమ చక్రం దగ్గర చప్పుడు

బసవరాజ్ వ్యాను మూడోసారి షెడ్డు ముందుకు వచ్చి ఆగేసరికి మెకానిక్ సదాశివరావు చేతిలో పానా పక్కన పెట్టి లేచాడు. ఎలక్ట్రిక్ బండి. అలికిడి లేకుండా వచ్చింది, అలికిడి లేకుండా ఆగింది. అయితే ఈ మధ్య సదాశివరావుకు ఏ బండీ పెద్దగా అలికిడి చేయడం లేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు.

"నమస్తే సార్. గదే సప్పుడు, మల్ల మొదలైంది," అన్నాడు బసవరాజ్ దిగుతూ. బీదర్ వైపు నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. గోడౌన్ నుంచి పార్సెళ్ళు నింపుకుని ఝరాసంగం, కోహీర్, మొగుడంపల్లి ఊళ్ళన్నీ తిరుగుతాడు. "గుంతల పడంగనే ఎడమ చక్రం కాడ టక్ టక్ అంటది. మొదట మీరు అన్నీ బిగిచ్చిన్రు. మల్ల లింకు రాడ్లు మార్సిన్రు. అది మాత్రం నన్ను ఇడుస్తలేదు."

"మలుపుల్లోనూ వస్తోందా?"

"వొంకర తోవల ఇంకా ఎక్కువ. ఇయ్యాల గీ సప్పుడు పోకుంటే బండిని హైదరాబాద్ కంపెనీ షెడ్డుకు తోలుతరట, ఆడ ఎన్ని దినాలు వెడతరో. మా సూపర్వైజర్ ఏమంటుండు ఎరుకేనా సార్? బండి సప్పుడు జేస్తలేదురా, నీ చెవులే సప్పుడు జేస్తున్నయి అంటుండు."

బసవరాజ్ నవ్వాడు. సదాశివరావు నవ్వలేకపోయాడు.

మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరూ రైల్వే గేటు అవతలి పాడైన రోడ్డు మీద బండి నడిపి చూశారు. "అగో, ఇన్నరా?" అన్నాడు బసవరాజ్. సదాశివరావు తలూపాడు. ఏమీ వినపడలేదు. రెండోసారీ అంతే. ఇలాంటి చప్పుడుకు మామూలుగా చక్రం పక్కన ఉండే లింకు రాడ్లే కారణమవుతాయి కదా అని అవి మార్చాడు. విప్పాక చూస్తే పాతవి నిక్షేపంగా ఉన్నాయి. ఆ మాట కూడా చెప్పలేదు.

డీజిలు బండ్లతో ఇంత ఇబ్బంది రాలేదు. ఇంజను మోతలో అందరూ సగం చెవిటివాళ్ళే. గట్టిగా అరిచి చెబుతారు, అరిచి వింటారు. ఇంట్లో అయితే భార్య శ్యామల ఉండేది. ఫోనులో ఎవరేమన్నారో, గేటు దగ్గర ఎవరు పిలిచారో, కుక్కరు ఎన్ని కూతలు కూసిందో ఆవిడే తనవైపు తిరిగి చెప్పేది. అదంతా మాటల్లో భాగమే అనుకున్నాడు కానీ ఆవిడ చెవులతో తాను వింటున్నానని అనుకోలేదు. ఆవిడ పోయిన నెలకు, కుక్కరు కూతలు వినపడక అన్నం మాడిన వాసన వస్తే గానీ ఆ సంగతి తెలియలేదు. పరీక్ష చేసిన డాక్టరు వయసు వల్లే అన్నాడు. చెవి మిషను కోసం రాసిచ్చిన చీటీని అల్మరాలో శ్యామల చీరల కింద పెట్టేశాడు. అప్పటి నుంచి రెండేళ్ళుగా ఆ అల్మరా తెరవబుద్ధి కాలేదు.

ఆ రోజు పొద్దున్నే మొహం కడుక్కుంటూ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ బండి మళ్ళీ వస్తే, ఈసారీ ఆ చప్పుడు ఎక్కడిదో దొరక్కపోతే, షెడ్డు మూసేయాలి. చప్పుడు వినకుండానే విన్నానన్న మనిషి రేపు ఎవరి బ్రేకు విషయంలోనైనా అదే మాట అంటాడు. అంత దాకా రానివ్వకూడదు.

బండి ఎక్కి మళ్ళీ అదే రోడ్డుకు వెళ్ళారు. ఏప్రిల్ ఎండ అద్దం మీద కళ్ళు చెదిరేలా పడుతోంది. ఎడమ చక్రం ఒక గుంతలో దిగి లేచింది.

"అగో," అన్నాడు బసవరాజ్.

సదాశివరావు తల అలవాటుగా కదలబోయింది. ఆపుకున్నాడు. "బండి పక్కకు ఆపు."

బసవరాజ్ ఆపాడు.

"నాకు వినపడటం లేదయ్యా."

"మెల్లగ పోయినం గద సార్. మల్లొక్కసారి పోదాం, జర జోరుగ."

"అది కాదు. పోయినసారీ వినపడలేదు, అంతకు ముందూ వినపడలేదు. విన్నట్టు తలూపాను. నువ్వు ఎడమ పక్క అన్నావు కాబట్టి ఎడమ పక్క అన్నాను. ఆ రాడ్లు ఊరికే మార్చాను. పాతవి బాగానే ఉన్నాయి."

బసవరాజ్ హ్యాండ్ బ్రేకు వేశాడు. ఒక ఎడ్లబండి వాళ్ళను దాటుకుని నింపాదిగా వెళ్ళింది.

"మా నాయినకు గూడ ఇనొస్తలేదు సార్," అన్నాడు. "మా అమ్మ తిడుతుంటె నవ్వుకుంట కూసుంటడు. మా ఇంట్ల గంత సుఖం ఇంకెవ్వలకి లేదు." కాస్త ఆగి, ఇటు తిరిగి, "కానీ సార్, మంచిగున్న రాడ్లు ఇప్పి పడేసిన్రు సూడు, గది మాత్రం మంచిగ జెయ్యలే. అప్పుడే చెప్తె అయిపోతుండె గద," అన్నాడు.

"చేయలేదు. తప్పే."

"గట్ల ఎంటనే ఒప్పుకుంటె ఇంగ నేనేం కొట్లాడాలె?" అంటూ బండి తిప్పాడు బసవరాజ్. ఆ తర్వాత మాట్లాడిన ప్రతిసారీ మొహం ఇటు తిప్పి మాట్లాడాడు. అలా చేయమని సదాశివరావు అడగలేదు.

షెడ్డులో బండిని, కింద నిలబడి పని చేయడానికి తవ్విన గుంత మీదికి ఎక్కించారు. నాలుగు చక్రాలూ నేలమీదే ఉన్నాయి. సదాశివరావు మెట్లు దిగి బండి కిందికి వెళ్ళాడు. నారింజ రంగు కరెంటు తీగలు ఎటు పోతున్నాయో ఒకసారి చూసుకుని, వాటికి దూరంగా నిలబడ్డాడు. డిగ్రీలో చదువుకున్న భౌతికశాస్త్రం చాలావరకు మరచిపోయాడు కానీ, మోగుతున్న శ్రుతిదండాన్ని లెక్చరరు తన అరచేతికి ఆనించిన రోజు గుర్తుంది. చెవికి అందనిది చేతికి అందవచ్చు.

"బసవరాజూ, బంపరు మీద ఎడమ మూల కాలు పెట్టి నొక్కుతూ వదులుతూ ఉండు. చప్పుడు వచ్చినప్పుడల్లా రెండో కాలి చెప్పుతో నేలమీద కొట్టు, నాకు కనపడుతుంది."

బండి ఊగసాగింది. సదాశివరావు కళ్ళు మూసుకోకుండా, గుంత అంచున ఆడుతున్న ఆ చెప్పునే చూస్తూ, ఒక్కో చోటా అరచేయి ఆనించాడు. బాల్ జాయింటు. ఏమీ లేదు. కొత్త లింకు రాడ్డు. ఏమీ లేదు. షాక్ అబ్జార్బరు పైభాగం. ఏమీ లేదు. చెప్పు మాత్రం నేలను కొడుతూనే ఉంది.

ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక లావుపాటి కడ్డీ ఉంటుంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆపేది అదే. ఆ కడ్డీని బండి చట్రానికి పట్టి ఉంచే చోట అటొకటి, ఇటొకటి ఇనుప పట్టీలు, వాటి లోపల రబ్బరు బుష్‌లు. సదాశివరావు ఎడమ పట్టీ పక్కన కడ్డీని గుప్పిట పట్టుకున్నాడు. చెప్పు పడిన క్షణమే అరచేతిలో ఎవరో వేలితో తట్టినట్టు తగిలింది. మళ్ళీ చెప్పు, మళ్ళీ తట్టు.

ఆయన ఆ కడ్డీని అవసరమైన దానికన్నా ఎక్కువసేపు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, కాలు గుంజుతుంది. దొరికిందా, నేనింగ సైకిలు తొక్కుతనే ఉండాల్నా?"

"దొరికింది, దిగు."

కడ్డీ లావు కొలిచి కాగితం మీద రాసి ఇచ్చాడు. బసవరాజ్ ఆయన స్కూటరు మీద బజారుకు పోయి రెండు బుష్‌లూ తెచ్చాడు. ఆలోపు సదాశివరావు తుప్పు పట్టిన బోల్టుల మీద నూనె కొట్టి, నానే దాకా ఆగి, ఒక్కొక్కటిగా విప్పాడు. చివరిది మొరాయించింది. విరిగితే సాయంత్రం దాకా దాంతోనే సరిపోతుంది. పానాకు కొద్దికొద్దిగా అటూ ఇటూ బలం ఇచ్చాడు. ఏం దయ తలచిందో, విరగకుండా తిరిగి వచ్చింది.

పాత బుష్ పైకి బాగానే ఉంది. లోపల మాత్రం గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా సాగింది. కుడి పక్కదీ అదే దారిలో ఉంది. బసవరాజ్ దాన్ని వేలికి తొడిగి తిప్పి చూశాడు.

"గింత రబ్బరు ముక్క నన్ను ఇరవై దినాలు సతాయించిందా సార్?"

"ఆ సబ్బునీళ్ళ మగ్గు ఇటివ్వు."

"కడ్డీకి తానం పోస్తరా? గ్రీజు పెట్టరా?"

"గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బునీళ్ళయితే జారి కూర్చుంటుంది, తర్వాత ఆరిపోతుంది."

బుష్‌కు ఒక పక్క చీలిక ఉంటుంది. పాతదానికి ఎటు ఉందో కొత్తదాన్నీ అటే తిప్పి కడ్డీకి తొడిగాడు. కుడి పక్కా అంతే. పట్టీలు మూసి, బోల్టులు ముందు చేత్తో తిప్పి, తర్వాత అటు కొంచెం ఇటు కొంచెం బిగించుకుంటూ వచ్చాడు. పైకి వచ్చేసరికి నడుము పట్టేసింది. బసవరాజ్ చెయ్యి అందించాడు. దాన్ని పట్టుకుని పైకెక్కాడు.

మళ్ళీ రైల్వే గేటు దాటారు. ఇప్పుడు సదాశివరావుకు వేరే భయం పట్టుకుంది. బసవరాజ్ మంచివాడు. వినపడదని చెప్పుకున్న ముసలివాడిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పోయింది సార్ అంటే అది నిజమో, జాలో తెలుసుకునే దారి తనకు లేదు. ఇన్నాళ్ళూ తన మాట నమ్మి బండి తీసుకుపోయిన వాళ్ళంతా ఇలాగే కూర్చుని ఉంటారు.

గుంతలో దిగి లేచారు. బసవరాజ్ తల వంచి విన్నాడు. బండి వెనక్కి తెచ్చి మళ్ళీ దింపాడు. మలుపు తిప్పాడు.

"పోయింది సార్."

సదాశివరావు అతని మొహం వంక చూశాడు. అందులో ఏమీ తెలియలేదు. "నా కోసం చెప్పకు. ఉంటే ఉందని చెప్పు."

"లేదు సార్, టక్ టక్ పోయింది." ఇంకో గుంత దాటాక బసవరాజ్ మొహం చిట్లించాడు. "ఆగుండ్రి. ఇంకోటి ఇనొస్తుంది. గా టక్ టక్‌ల ఇన్ని దినాలు ఇది చెవులకే రాలే. ఎనక డోరు కాడ కిర్రుమంటది. ఛీ, ఒకటి పోతె ఇంకోటి."

సదాశివరావు సీటుకు వెనక్కి ఆనుకున్నాడు. జాలిపడే మనిషి అయితే ఆ కిర్రు సంగతి ఎత్తేవాడే కాదు.

"ఏ తలుపు? కుడిదా, ఎడమదా?"

"గదంత నాకెట్ల ఎరుక సార్? మెకానిక్ మీరా, నేనా?"

"చెవులు నీవి కదా. దిగు."

రోడ్డు పక్కన ఆపి ఇద్దరూ వెనక్కి వెళ్ళారు. బసవరాజ్ కుడి తలుపు పట్టుకుని ఊపాడు. సదాశివరావు పై కీలు మీద చెయ్యి వేశాడు.

"గది కాదు. జర కిందికి."

చెయ్యి నడిమి కీలు మీదికి వచ్చింది.

"ఇంకా కిందికి."

ఎండకు కాలిన రేకు మీద అరచేయి మెల్లగా దిగింది. అడుగు కీలు దగ్గర సన్నగా, ఇసుక రాలినట్టు, ఏదో చేతికి తగిలింది.

"ఇది," అన్నాడు సదాశివరావు, బసవరాజ్ నోరు తెరవక ముందే.