తలుపు మీద అరచేతులు

పిల్ల అగ్గిపుల్లలతో ఆడి కొంప తగలబెట్టిందట. ఆ మాట ఇస్త్రీబండివాడు పాలావిడతో అన్నాడట, పాలావిడ కుట్టుపనావిడ చెవిన వేసిందట. కుట్టుపనావిడ కడుపులో మాట దాగితే కదా! మిషన్ మీదనుంచి తలెత్తి పక్కవాటా స్పాంజమ్మకు మొత్తం వినిపించింది.

"తల్లీ తండ్రీ పనికి పోతూ బయట తాళం వేసే వెళ్ళారటే. అయినా చూడు, ఏడేళ్ళ పిల్ల లోపల కూర్చుని ఎంత పని చేసిందో! కిటికీ ఊచలు కోసి బయటికి తీశారట. ఆసుపత్రిలో గొట్టాల మధ్య ఉందట పాపం."

"ఇవాళ నాకు ఆ ఇంట్లోనే పనక్కా," అంది స్పాంజమ్మ.

కాలిన ఇళ్ళలో మసి తీయడం ఆమె బతుకుతెరువు. పన్నెండేళ్ళుగా సంచిలో పొడి స్పాంజీలు మోసుకు తిరుగుతుంటే వీధి ఆ పేరు పెట్టేసింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. భర్త లారీ ఎక్కితే వారానికి గానీ దిగడు. ఆమెకూ ఏడేళ్ళ కూతురుంది. బడికి సెలవులు.

"అమ్మా, ఫ్యాన్ తిరగట్లేదు," అంది కూతురు లోపల్నించి.

"సాయంత్రం చూద్దాంలే. అల్లరి చెయ్యకు."

తలుపు మూసి తాళం వేసింది. రెండుసార్లు లాగి చూసింది. తాళంచెవి నడుముకు దోపుకుంది.

"నువ్వు వెళ్ళవే, గోడకి ఇవతలే ఉన్నాగా. ఒక్క కేకేస్తే చాలు," అంది కుట్టుపనావిడ, రోజూ అనేదే. మిషన్ మళ్ళీ టకటకలాడింది.

కాలిన ఇంట్లో అడుగు పెట్టగానే వాసన గొంతులో పడింది. గోడలూ కప్పూ నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. తల్లిదండ్రులు ఆసుపత్రిలో ఉన్నందున పిల్ల మేనత్త దగ్గరుండి పని చేయిస్తోంది. "పిల్ల ఇంటికొచ్చేసరికి ఈ నలుపు కనబడకూడదండీ," అని ఆమె మసి పనివాళ్ళ మేస్త్రిని బతిమాలుకుంది.

మేస్త్రి నడిమి గదిలో ప్లగ్గుల బోర్డు ముందు నిలబడ్డాడు. కరిగిన చార్జరు దానికి అతుక్కుపోయి ఉంది. అక్కణ్ణుంచి మసి విసనకర్ర విప్పినట్టు పైకి పరుచుకుంది.

"ఇక్కడ పుట్టింది నిప్పు. పిల్లకేం తెలుసు పాపం! అగ్గిపుల్ల గీసింది ఊరి నోరే," అన్నాడు. "అమ్మాయ్, నువ్వు వీధి తలుపు పట్టు."

స్పాంజమ్మ వీధి తలుపు లోపలివైపుకు తిరిగింది. తిరిగి, అలాగే ఆగిపోయింది.

తలుపంతా నలుపు. ఆమె నడుము ఎత్తున మాత్రం చిన్న చిన్న అరచేతుల గుర్తులు. పైన గట్టిగా, వేళ్ళు విప్పి కొట్టినవి. కిందికి వచ్చేకొద్దీ జారినవి. గడప దగ్గర నేల మీద మసి పడని చోటు ఒకటి మిగిలింది, ముడుచుకు పడుకున్న పిల్లంత. తల ఉండాల్సిన వైపు తలుపు కింది సందుకు ఆనుకుని ఉంది. గాలి కోసం.

స్పాంజమ్మకు నడుముకున్న తాళంచెవి నిప్పుకణికలా తగిలింది. ఆ గుర్తులు కళ్ళముందు నుంచి పోతే చాలనిపించింది. ఏం చేస్తోందో తెలియకుండానే బకెట్లో గుడ్డ ముంచి తలుపు మీద బరబరా రుద్దేసింది.

"ఏయ్! నీళ్ళా?" మేస్త్రి ఒక్క అరుపు అరిచాడు.

ఈ పనిలో చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పే మాట అది. మసిని ముందు పొడి స్పాంజితో, పైనుంచి కిందికి, ఒకే వాలున తీయాలి. తడి తగిలితే జిడ్డు చెక్కలోకి దిగిపోతుంది. పన్నెండేళ్ళ అనుభవమున్న మనిషి చెయ్యకూడని తప్పు. చూస్తుండగానే రెండు అరచేతుల గుర్తులు తలుపులో పాతుకుపోయాయి.

"ఇక పోదా?" అంది మేనత్త.

"పోదమ్మా. తలుపు మార్చుకోవాల్సిందే." మేస్త్రి స్పాంజమ్మ వైపు తిరిగాడు. "నీకేమైందే?"

ఆమె తాళంచెవి తీసి చూపించింది. "నా పిల్ల కూడా... లోపల... బాబాయ్."

మేస్త్రి కోపం దిగిపోయింది.

"దొంగల భయం కదండీ," అంది మేనత్త, తన అన్నావదినల తరఫున. "పిల్లల్ని ఎత్తుకుపోయే రోజులు. తాళం వేయక ఏం చేస్తారు?"

"మీ వాళ్ళకి ప్రేమ లేదని ఎవరంటారమ్మా? తాళం దొంగని ఆపుతుంది, నిజమే. నిప్పు పుట్టిన రోజున మాత్రం పిల్లనే ఆపుతుంది. నేను ఎన్నో తలుపులు తుడిచాను. పసిబిడ్డని లోపల పెట్టి తాళమేసిన ప్రతి ఇల్లూ ఇలాంటిదే. ఇంకా కాలలేదంతే." స్పాంజమ్మ చేతిలోని గుడ్డ లాక్కున్నాడు. "ఇంకా నిలబడ్డావేం? పరిగెత్తు!"

పరిగెత్తింది. సందు మలుపులో ఎవరో చెత్త తగలబెడుతున్నారు. ఆ పొగ చూడగానే ఆమె ఇంకా వేగంగా పరిగెత్తింది. ఇంటి ముందు తాళంచెవి రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి తలుపు తెరుచుకుంది.

పిల్ల నేల మీద పడుకుని బొమ్మ గీసుకుంటోంది. స్పాంజమ్మకు ప్రాణం లేచొచ్చింది. మసిచేతులతోనే బిడ్డను పొదివి పట్టుకుంది.

చప్పుడుకి కుట్టుపనావిడ వచ్చింది. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది.

"ఇక తాళం వేయనక్కా," అంది స్పాంజమ్మ. "నేనొచ్చేదాకా దీన్ని నీ మిషన్ పక్కన కూర్చోబెట్టుకో. నీకు పుణ్యముంటుంది."

"నా దగ్గరెందుకే? కత్తెరలూ సూదులూ... గుడ్డలు మాసిపోతే ఎవరికి చెప్పుకోను? వెర్రిదానా, ఎక్కడో ఏదో కాలిందని ఇంత బెదురా? నేను లేనూ? మధ్యన ఉన్నది గోడే కదా, పిల్ల పిలిస్తే వినపడదా నాకు?"

పిల్ల తల్లి భుజం మీదనుంచి తలెత్తింది.

"నిన్న ఫ్యాన్లోంచి పొగొచ్చినప్పుడు పిలిచా పెద్దమ్మా. నీ మిషన్ ఆగలేదు."