ముందు చూసిన రెండో సగం

చెప్పెయ్యాలని మణికుమార్ శుక్రవారమే తేల్చుకున్నాడు. ఆదివారం పొద్దున్న హోప్ టౌన్ జెట్టీలో ఫెర్రీ ఎక్కేటప్పటికి, ఎలా చెప్పాలన్నదొక్కటే మిగిలింది. పక్కన నూకరత్నం ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఇక్కడే చెప్పేస్తే సగం పని అయిపోయేది. కాని విడిగా చెబితే అది క్షమాపణ అడగడమవుతుందనీ, అందరి ముందూ చెబితేనే నిజం చెప్పినట్టవుతుందనీ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అది సాకేమోనన్న అనుమానం లేకపోలేదు. ఆ అనుమానాన్ని అలాగే ఉండనిచ్చి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

వాళ్ళు వెళుతున్నది అవతలి ఒడ్డున లంబాలైన్‌లో చక్రి సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు మేడ మీదికి. నెలలో రెండో ఆదివారం అక్కడ నలుగురు చేరతారు. హార్బర్ వర్క్‌షాపులో ఫిట్టరు మణికుమార్, అంగన్‌వాడీలో వంట చేసే నూకరత్నం, రిటైరైన లెక్కల మాస్టారు గోపినాథ్, ఇంటివాడు చక్రి. నలుగురి పిచ్చీ ఒకటే: సినిమా దర్శకుడు తాడి విశ్వపతి. ఇరవై ఏళ్ళలో ఐదే సినిమాలు తీసిన మనిషి. ఆయన సినిమాల్లో జనం గోడగడియారానికి కష్టాలు చెప్పుకుంటారు. పెళ్ళిపాటలో సన్నాయికి బదులు రోకలిపోట్లు వినిపిస్తాయి. విలన్ మొదటి నుంచి చివరిదాకా జలుబుతో బాధపడతాడు. మెయిన్‌లాండ్‌లో ఆయన్ని తిక్కమనిషి అన్నారు. ఇక్కడ దీవుల్లో ఈ నలుగురూ మాత్రం కాలాన్ని మడతపెట్టగలవాడు అన్నారు. ఆ మాట వాళ్ళకు నేర్పింది మణికుమారే.

అది పద్దెనిమిదేళ్ళ కిందట, విశ్వపతి మొదటి సినిమా 'తలుపు దగ్గర మనిషి'తో మొదలైంది. ఓడలో వంటవాడిగా పదేళ్ళు తిరిగి ఇంటికొచ్చిన ఒక మనిషి కథ అది. వీళ్ళకు తెలిసిన ప్రకారం, సినిమా ఒక తలుపు తెరుచుకోవడంతో మొదలవుతుంది. భార్య తలుపు తీస్తుంది. ఎదురుగా ఎవరున్నారో మనకు కనపడకముందే "ఇప్పుడా?" అంటుంది. ఆ తర్వాత గంటసేపు ఆ ఇద్దరి కొత్త కాపురం. సగంలో, ఎవరూ అనుకోని చోట, పేర్లు పడతాయి. అక్కణ్ణించి కథ వెనక్కి పోతుంది. అతను ఓడెక్కడం, రేవులు, జ్వరాలు, చివరికి తన ఇంటి గుమ్మం ముందుకొచ్చి తట్టడానికి చెయ్యెత్తడం. ఆ ఎత్తిన చేతి మీద సినిమా అయిపోతుంది. తలుపు ఎప్పుడో తెరుచుకుంది. తట్టడం మాత్రం ఇంకా జరగలేదు.

పన్నెండో క్లాసు తప్పి, మేనమామ పుణ్యమా అని వర్క్‌షాపులో చేరిన ఇరవయ్యేళ్ళ కుర్రాడికి ఆ చెయ్యి ఒక దారి చూపించింది. నలుగురూ చూడనిది తాను చూడగలనని అతనికి మొదటిసారి అనిపించింది ఆ రోజే. తర్వాత బతుకులో దొరకనివి చాలా ఉన్నాయి గాని, ఇది మాత్రం ఎవరూ లాక్కోలేనిదని నమ్మాడు. విశ్వపతి మిగతా సినిమాలు ఒక్కొక్కటే వచ్చినప్పుడు, వాటిలోనూ మడతలు వెతికాడు. వెతికితే దొరికాయి. గట్టిగా వెతికేవాడికి దొరకకపోవడమన్నది ఉండదు.

నూకరత్నం సంగతి వేరు. పద్నాలుగేళ్ళ కిందట ఆమె భర్త గణపతి డింగీ పడవ వేసుకుని చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, డింగీ దొరకలేదు. ఆ మరుసటేడు చక్రి పాత కొట్లో వేసిన ఆ మొదటి సినిమాకు ఆమెను ఎవరో లాక్కొచ్చారు. చివరి చెయ్యి చూసి ఆమె కుర్చీలోంచి లేవలేదు. చాన్నాళ్ళ తర్వాత ఒకసారి, ఫెర్రీలో, మణికుమార్‌తో మాత్రం అంది: "మా ఆయనా అంతే తమ్ముడూ. తట్టబోతా ఉన్నాడు." మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా.

ఇప్పుడు విశ్వపతి ఐదో సినిమా 'బియ్యపు లారీ' వచ్చింది. ఒక లారీ ఒక ఊళ్ళో బయల్దేరి ఇంకో ఊరు చేరుతుంది, అంతే కథ. మడత లేదు, ముడి లేదు. చక్రికి ఒళ్ళు మండిపోయింది. ముసలాయన పని అయిపోయిందనీ, మనసులో మాట ఆయనకే రాసి పారేద్దామనీ పట్టుబట్టాడు. ఉత్తరం కూడా రాసేశాడు. నలుగురూ సంతకం పెడితేనే పంపాలని ఒప్పందం. ఆదివారం వాదన పెట్టుకుని, ఎవరికి వాళ్ళు పాత సినిమాల్లోంచి ఒక సీను సాక్ష్యంగా తేవాలన్నారు.

ఆ సాక్ష్యం కోసమే గురువారం మణికుమార్ ఫోన్లో వెతికాడు. 'తలుపు దగ్గర మనిషి'ని దాని నిర్మాతలే ఈ మధ్య నెట్‌లో పెట్టారు, అద్దంలాంటి ప్రింటు. మొదట్లోనే పేర్లు పడ్డాయి. తర్వాత ఓడ, రేవులు, జ్వరం. సరిగ్గా సగంలో ఎత్తిన చెయ్యి. విశ్రాంతి. తర్వాత తలుపు తెరుచుకుంది, ఆమె "ఇప్పుడా?" అంది.

అతనికి మొదట వచ్చింది కోపం. సినిమాను కోసి, తిరగేసి అతికించారనుకున్నాడు. వైజాగ్‌లో ఉండే పెదనాన్న కొడుకు ఉమేష్‌కి ఫోన్ చేశాడు. ఉమేష్ ఆ సినిమా రిలీజైన వారమే హాల్లో చూశాడు. అతను ఆవలిస్తూ, "ఇంటర్వెల్‌కి చెయ్యెత్తుతాడు, ఇంటర్వెల్ తర్వాత పెళ్ళాం తలుపు తీస్తుంది. అందులో తిరగెయ్యడానికేముందిరా?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక జ్ఞాపకం దానంతటదే వచ్చింది. మెయిన్‌లాండ్ ఓడలో పనిచేసే గవరయ్య న్యూస్ పేపర్లో చుట్టి తెచ్చిన రెండు సీడీలు. అట్ట లేదు, అంకె లేదు. విశ్రాంతి, సమాప్తం అన్న కార్డులు కూడా ఆ కాపీలో లేవు. ఒకటి పెట్టి చూస్తే తలుపు తెరుచుకుంది. మొదలంటే ఇలాగే ఉండాలనుకుని దాని మీద స్కెచ్ పెన్నుతో 'ఒకటి' అని రాశాడు. రెండోదాన్ని పరీక్షించకుండానే 'రెండు' అని రాశాడు. ఆ తర్వాత పేర్లు సగంలో పడ్డప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చిందా? వచ్చినట్టే ఉంది. లేక, ఇప్పుడు సిగ్గుకొద్దీ ఆ క్షణాన్ని తానే తయారుచేస్తున్నాడా? ఎంత తవ్వినా అక్కడ నేల తగల్లేదు.

చక్రి మేడ మీద గోడకు పటం కట్టి పెట్టుకున్న పోస్టుకార్డు కూడా అప్పుడే గుర్తొచ్చింది. పదహారేళ్ళ కిందట, ఆ ముగింపుని పొగుడుతూ మణికుమార్ మూడు పేజీలు రాస్తే విశ్వపతి పంపిన జవాబు: "మీరు రాసిన సినిమా నాకూ చూడాలని ఉంది." ఎంత చమత్కారి అని మురిసిపోయారు. ఆయన ఉన్నమాటే రాశాడు.

శుక్రవారమంతా మణికుమార్ వర్క్‌షాపులో ఒక పంపు విప్పి బిగించాడు. ఆ పని మధ్యలో ఎక్కడో నిర్ణయం జరిగిపోయింది. ఉత్తరం కింద తన పేరు ఉండకూడదు. ఎందుకుండకూడదో దాచిపెట్టి బతకడం తనవల్ల కాదు.

చక్రి మేడ మీద టీలయ్యాయి. గోపినాథ్ మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ఉత్తరం చదివారు. 'మీరిప్పుడు ఆ పాత విశ్వపతి కారు' అన్న వాక్యం దగ్గర చక్రి తల ఊపాడు, తన వాక్యమే తనకు అంత నచ్చింది. వాదన కాసేపు సాగింది. మాస్టారికి లారీ డ్రైవరు తన హారన్‌తో మాట్లాడే సీను బాగుంది. చక్రికి అది కూడా పాత సరుకే. "ఖతం మాస్టారూ. బండి చేరిపోయింది, ఆయన కూడా చేరిపోయాడు," అన్నాడు. నూకరత్నం ఎప్పట్లాగే వింటూ కూర్చుంది.

మణికుమార్ లేచి, "ఒక మాట చెప్పాలి," అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇళ్ళ కప్పుల మీంచి విమానం దిగింది. ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న ఆ ఇంట్లో అది మామూలే. విమానం వస్తే మాట ఎక్కడిదక్కడ ఆపి, శబ్దం పోయాక అందుకుంటారు. ఆ అర నిమిషంలో వెనక్కి తగ్గడానికి అతనికి కావలసినంత వ్యవధి దొరికింది. టీ బాగుందని అనొచ్చు. కూర్చోవచ్చు. కిటికీ అద్దాల వణుకు ఆగేదాకా నిలబడే ఉండి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, సీడీలు, స్కెచ్ పెన్ను, ఉమేష్, పోస్టుకార్డు అన్నీ చెప్పాడు. నూకరత్నం వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టి, సగంలో బలవంతాన అటే తిరిగి చెప్పాడు.

చక్రి నవ్వు ఎంతకీ ఆగలేదు. కళ్ళు తుడుచుకున్నాడు, పోస్టుకార్డు చూశాడు, మళ్ళీ నవ్వాడు. మాస్టారు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచేశారు. చివరికి చక్రికే జాలేసింది కాబోలు, లేచొచ్చి మణికుమార్ భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు కావాలనే మార్చావందాం భయ్యా. అప్పుడు ఎడిటింగ్ నీదే. విశ్వపతి కన్నా నువ్వే బడా డైరెక్టర్. ఎవరికి తెలుస్తుంది, మాన్ లో, ఒప్పేసుకో."

ఆ మాట ఎంత తియ్యగా ఉందో మణికుమార్‌కి ఆశ్చర్యమేసింది. పోయిందనుకున్నదంతా ఒక్క తల ఊపుతో తిరిగొచ్చేస్తుంది, ఇంకాస్త పెద్దదై. నోట్లో నీరూరినట్టు అయింది.

"కావాలని కాదు," అన్నాడు. "తెలీకే ఆ అంకెలు రాశాను. తర్వాత అనుమానం వచ్చి ఉంటుంది. వచ్చినా వినిపించుకోలేదు."

చక్రి చెయ్యి తీసేశాడు.

"ఆయన అప్పుడూ తిన్నగానే చెప్పాడు, ఇప్పుడూ తిన్నగానే చెప్పాడు," అన్నాడు మణికుమార్. "మారిపోయాడని రాస్తే అబద్ధం. నేను సంతకం పెట్టను."

"అయితే నాకు బోర్ కొట్టింది, అది కూడా సీడీ తప్పేనా?" అన్నాడు చక్రి. "అది నా సొంత బోర్ భయ్యా."

బోర్ కొట్టిందని రాస్తే తాను అడ్డు రానన్నాడు మణికుమార్. వచ్చే నెల ఆ మొదటి సినిమాను సరైన వరసలో వేస్తాననీ, ఆ తర్వాత మిగతా నాలుగూ వేస్తాననీ, వాదన అప్పుడు పెట్టుకుందామనీ అన్నాడు. మాస్టారు సరేనన్నారు. వాళ్ళు తలెత్తి చూసేసరికి నూకరత్నం కుర్చీ ఖాళీగా ఉంది. టిఫిను డబ్బా కూడా లేదు.

మణికుమార్ జెట్టీకి చేరేసరికి పన్నెండు గంటల ఫెర్రీ కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె లోపల కిటికీ పక్కన కూర్చుని ఉంది. తర్వాతి ఫెర్రీకి వెళ్ళొచ్చని అతనికి తట్టింది. ఎక్కి, ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఫెర్రీ హార్బరు మధ్యకు వచ్చాక ఆమె ఇటు తిరిగింది.

"నువ్వు సెప్పకపోతే ఏటి పోయేది?" అంది అప్పుడు.

"ఉత్తరం వెళ్ళిపోయేదక్కా."

"సంతకం పెట్టనంటే సరిపోయేది. నలుగురూ పెడితేనే కదా పంపడం?"

ఉత్తరం ఆపడానికి అదొక్కటే చాలునని అతనికి నిజంగానే తట్టలేదు. మూడు రోజులు ఆలోచించినవాడికి అంత చిన్న సంగతి తట్టకపోవడమేమిటి? తట్టనివ్వలేదేమో.

"నీకు బరువైపోనాది," అంది నూకరత్నం. "దించుకున్నావు. నా నెత్తి మీద దించీసినావు."

అతని లోపల సమాధానాలు వరసగా లేచాయి, ఒక్కొక్కటీ న్యాయంగానే ఉంది. దేన్నీ బయటికి రానివ్వలేదు.

"అవునక్కా," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది, ఇంకేమైనా అంటాడేమోనని. తర్వాత ఆమే అడిగింది: "అయితే ఆఖర్ని ఏటవుతాది? అసలు వరసలో."

మణికుమార్ ఆలోచించాల్సి వచ్చింది. వాళ్ళు ఇన్నేళ్ళూ మధ్యలో చూసిన సీను అది. పేర్లు పడబోతున్నాయన్న ఆత్రంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "ఇద్దరూ అన్నం తింటారు. తర్వాత ఆమె కంచాలు కడుగుతుంది. అంతే."

"ఇద్దరూ తినడం ఎక్కడ సూసినావు? అక్కడ ఆయన కనపడడు. ఆవిడ ఒక్కర్తే రెండు కంచాలు కడుగుతాది. గిన్నెలో సెయ్యి పెట్టి అలా ఆగిపోతాది." నూకరత్నం గొంతు గట్టిపడింది. "ఆడు వచ్చినాడో, ఆవిడ అనుకున్నాదో, ఎవలికి తెల్సు? నువ్వు సరిగ్గా సూడలేదు."

మొన్న గురువారం కూడా తాను చూసింది వరసనే గాని, సినిమాను కాదని అతనికి అర్థమైంది. రెండు కంచాలూ కళ్ళ ముందుకు రాలేదు. రప్పించుకోవాలని ప్రయత్నించి, మానేశాడు. చూసినదాన్నే చెప్పాలి ఇక మీద.

"చూడలేదక్కా. వచ్చే నెల వేస్తాను. నువ్వు రాకపోయినా వేస్తాను."

ఫెర్రీ హోప్ టౌన్ జెట్టీకి తగిలింది, తాడు విసిరారు. ఆమె అతని కోసం ఆగకుండా దిగి, నాలుగడుగులు వేసింది. అతను వెనకనుంచి, అందరికీ వినిపించేలా, "రెండో ఆదివారం, తొమ్మిది గంటలకి," అన్నాడు.

"పది సెయ్యి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "అంత పెందలాడే ఫెర్రీ నాకు అందదు."