చలికి టక్కుమనే ఏసీ

శుక్రవారం పొద్దున సత్తెనపల్లి దగ్గర భవిత కారు ముందద్దం ఒక్కసారిగా తెల్లబడింది. బయట మంచు కాదు, లోపల పట్టిన ఆవిరి. చేత్తో తుడిచేలోపు ఎదురుగా సున్నం లారీ హారను మోగింది. స్టీరింగు పక్కకు తిప్పి ఎలాగో బయటపడింది.

ఇంటికొచ్చి ఆ సంగతి దాచకుండా చెప్పింది. "సోమవారానికి ఆ ఏసీ బాగుపడకపోతే తాళాలు నాకిచ్చెయ్," అన్నాడు భర్త హర్ష. క్రోసూరు స్కూల్లో లెక్కల టీచరుగా చేరి ఆమెకు నెలే అయింది. కారు లేకపోతే నరసరావుపేట నుంచి మొదటి పీరియడుకు అందుకోలేదు.

ఆ సాయంత్రమే కారును మెకానిక్ జాన్ సాహెబ్ షెడ్డులో వదిలింది. శనివారం ఏడింటికి వెళ్ళేసరికి ఆయన ఇంజను స్టార్ట్ చేయకుండానే ఏసీ గ్యాసు ఒత్తిడి కొలిచే గేజి తగిలించి చూస్తున్నాడు.

"ఏందమ్మా, జనం స్వెట్టర్లు ఏసుకుంటుంటే నీకు ఏసీ ఏంది?"

"అద్దం ఆరడానికి బాబాయ్. ఏసీ వేస్తే కంప్రెసరు టక్కుమని పట్టుకుంటది, నాలుగు సెకన్లకే వదిలేస్తది. మళ్ళీ టక్కు. లెక్కపెట్టా."

"లెక్కల టీచరమ్మవి గదా! గ్యాసు తగ్గింది, అంతే. ఇదిగో చూడు."

ముల్లు అరవై మీద ఉంది. ఉండాల్సింది నూట నలభై అని షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంది. సగం కూడా లేదంటూ ఆయన గ్యాసు సిలిండరు అందుకున్నాడు.

"ఆ అంకె ఎప్పుడు రాశారు బాబాయ్?"

"మే నెల్లో. మాకు ఏసీ పనుండేది అప్పుడేగా."

"ఇది రాత్రంతా చలిలో ఉన్న బండి. మధ్యాహ్నం దాకా ఏమీ ఎక్కించకండి. ముల్లు ఎటు పోతదో చూద్దాం."

"ఎటు పోద్ది? చానా బళ్ళు చూశాలే," అన్నాడు గానీ సిలిండరు దించాడు.

ఒంటిగంటకు ముల్లు తొంభై చూపింది. జాన్ సాహెబ్ గేజి గొట్టాలు ఊడదీసి మళ్ళీ బిగించాడు. అప్పుడూ తొంభయ్యే. గోడ మీది అంకెను చూశాడు, ఎండను చూశాడు.

"వేడికి అదే పెరుగుద్దన్నమాట. కిందటి చలికాలం రెండు బళ్ళకు పొద్దున్నే నూట నలభై దాకా ఎక్కించి పంపానమ్మా. ఎండలు ముదిరాక అవి ఎందుకు మొరాయించాయో ఇప్పుడు తెలిసింది."

"మరి ఈ టక్కుటక్కు?"

"గాలే చల్లగుంటే లోపలి కూలింగ్ కాయిల్ ఇట్టే గడ్డకట్టే దాకా పోద్ది. ఐసు పట్టకుండా కంప్రెసరు ఆగుద్ది. అది రోగం గాదు."

"అద్దం మసకబారడం రోగమేగా?"

"అదీ చలిలోనే చూడాలి. రేపు ఆరింటికి రా," అన్నాడు ఆయన.

ఆదివారం ఆరింటికి ఇద్దరూ కారులో కూర్చుని తలుపులు బిగించుకున్నారు. కంప్రెసరు ఆగిన ప్రతిసారీ అద్దం మీద తెల్లగా ఆవిరి పరుచుకుంటోంది. జాన్ సాహెబ్ తన కూతురు షాహీన్ పెళ్ళి కబుర్లు చెబుతున్నాడు. ఆయన నవ్వినప్పుడల్లా ఆ తెలుపు ఇంకాస్త చిక్కబడుతోంది.

"బాబాయ్, ఏమనుకోకండి. కాసేపు నోరు మూసుకుంటారా?"

ఆయన బిత్తరపోయి మూసుకున్నాడు. మసక పట్టడం నెమ్మదించింది.

"ఇది మన ఊపిరే! బయటికి పోయే దారి లేక ఇక్కడే తిరుగుతోంది."

భవిత చెయ్యి లోపలి గాలో బయటి గాలో ఎంచే మీట మీదికి పోయింది. అది లోపలి గాలి వైపే బిగుసుకుపోయి ఉంది. కారు కొన్న రోజే, పిడుగురాళ్ల సున్నం దుమ్ము లోపలికి రాకూడదని హర్ష దాన్ని మూసేశాడు. ఆరేళ్ళుగా ఎవరూ ముట్టలేదు.

"ఈ చుట్టుపక్కల ఎవరు తీస్తారమ్మా? నా బండీ అంతే," అంటూ జాన్ సాహెబ్ కాస్త నూనె కొట్టి మీటను ఇవతలికి లాగాడు. బయటి గాలి జివ్వున కొట్టింది. పై నుంచి కిందికి అద్దం తేటబడుతూ వచ్చింది.

సోమవారం హర్ష కూడా కారెక్కాడు. కిలోమీటరు పోకముందే చెవి రిక్కించాడు.

"ఇంకా టక్కుమంటోందే!"

"అంటది. చలికి దాని పద్ధతే అంత. మీరు అద్దం చూడండి."

హర్ష అద్దానికి వేలు రాసి చూసుకున్నాడు. పొడిగా ఉంది. ముందు సున్నం లారీ కనిపించగానే భవిత మీట మూసింది, దాన్ని దాటగానే తెరిచింది. మూడో లారీ దాకా హర్ష ఆ చేతినే గమనిస్తూ కూర్చున్నాడు. సత్తెనపల్లి వచ్చేసరికి తల పక్కద్దానికి ఆనించి గుర్రు పెడుతున్నాడు. భవిత గేరు మార్చి క్రోసూరు వైపు తిప్పింది.