రాగిలో కోత

పొద్దున గిన్నెలు తోముతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి అన్నాడు: "ఇవాళ గోళ్లు శుభ్రంగా ఉంచుకో. చూసేవాళ్లుంటారు." నేనెలా ఉన్నానన్నది కాదు. నా చూపుడువేలు ఎలా ఉందన్నదే ఆయన బెంగ.

ఆయన మా కంపెనీలో డిజైన్ ఇంజనీరు. నేను అదే హాల్లో, చివరి బల్ల దగ్గర, సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసి పరీక్షించే టెక్నీషియన్‌ని. హై ఫ్రీక్వెన్సీ బోర్డుల అడుగున రాగిని పొరలా పరుస్తాం. దాన్ని గ్రౌండ్ అంటాం. బోర్డు పైనున్న గీత వెంట వెళ్లిన సిగ్నల్ సరిగ్గా ఆ గీత కిందే, ఆ రాగిలోంచి వెనక్కి రావాలి. కొత్త బోర్డులో జాగా చాలక ఆయన ఆ రాగిని మధ్యలో కోసి ఇంకో లైను పోనిచ్చాడు. తిరిగొచ్చే దారి తెగితే సిగ్నల్ చుట్టు తిరిగి గోల చేస్తుందని మూడు నెలల కిందటే చెప్పాను. "సోల్డరింగ్ చేసే చెయ్యి వేరు, డిజైన్ చేసే బుర్ర వేరు," అన్నాడు. హాలంతా నవ్వింది. ఇంటికొచ్చి అత్తయ్యగారికీ చెప్పి నవ్వించాడు. "వాడి పని వాడికి తెలీదా? కూర మాడుతోంది చూడమ్మా," అందావిడ.

బోర్డు తయారై వచ్చింది. పరీక్షించే యంత్రం తెర మీద సిగ్నల్ గీత ముళ్లపొదలా లేచింది. తప్పెక్కడో వెతుకుతూ ఒకచోట వేలు ఆనిస్తే అణిగింది, తీస్తే మళ్లీ మొదలు. వేలికి అణిగితే బాగైనట్టు కాదు, జబ్బు అక్కడే ఉన్నట్టు. ఇంకో బోర్డు తీసుకుని, కోతలోని లైనుకు తగలకుండా టేపు వేసి, దాని మీదుగా రెండు పక్కల రాగినీ కలుపుతూ రాగిపట్టీ అతికించాను. అది ఎవరి వేలూ లేకుండా పనిచేసింది. "నా డిజైన్‌కి అతుకులా?" అని ఆయన దాన్ని నా సొరుగులో పడేశాడు. "వచ్చినవాళ్లు వెళ్లేదాకా వేలు పెట్టుకుని కూర్చో. అంతే కదా!"

ఇంట్లోనూ అదే మాట. కాస్త కాఫీ, అంతే కదా. అమ్మకి మందులు, అంతే కదా. రాత్రి అందరి మధ్యా కూర్చుని తింటూ, ఈ రోజు నన్ను నా గురించి ఎవరైనా ఏమైనా అడిగారా అని గుర్తు చేసుకుంటాను. ఉప్పు చాలలేదన్న మాట తప్ప ఇంకేదీ గుర్తురాదు. ఏడుపొస్తుంది. నీళ్లు తాగే వంకతో లేచి వెళ్తాను.

బోర్డు కొనేవాళ్ల తరఫున చూడ్డానికి ముగ్గురు వచ్చారు. గంటసేపు వేలు ఆనించి కూర్చున్నాను, భుజం లాగేస్తోంది. వాళ్లలో పెద్దావిడ వంగి చూసి, "మీరెందుకు అలా పట్టుకున్నారు?" అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "మా ఆవిడేనండీ. ఊరికే కూర్చుంది," అన్నాడు.

నేను వేలు తీసేశాను. తెర మీద గీత ఒక్కసారిగా లేచింది. "పెట్టు, పెట్టు," అని ఆయన పళ్ల బిగువున అంటూనే ఉన్నాడు. నేను సొరుగు తెరిచి, రాగిపట్టీ వేసిన బోర్డు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది నేను చేసిందండీ. దీన్ని పట్టుకుని ఎవరూ కూర్చోనక్కర్లేదు."